ఫోటోలో బొటనవేలు

ఫోటో బాగానే వచ్చింది. పట్టించింది బొటనవేలు.

డివిజన్ ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన పంచాయతీ అధికారి తన ట్యాబ్‌ను బల్ల మీద నిలబెట్టి, ఒక్కో ఫోటోనూ వేలితో పక్కకు తోస్తున్నాడు. డిసెంబరు పదిహేను: సుద్దకుంట పంచాయతీ కార్యదర్శి వందన ముఖం, నీలం చీర, భుజం మీద వంకరగా పెట్టిన పిన్ను. డిసెంబరు పద్దెనిమిది: అదే ముఖం, అదే చీర, అదే వంకర పిన్ను. ఇరవై రెండు, ఇరవై నాలుగు... నెలన్నరలో ఇరవై మూడు ఫోటోలు. ఏ మహాతల్లి అయినా ఇరవై మూడు రోజులు ఒకే చీర కట్టి డ్యూటీకి వస్తుందా? పోనీ, ఇష్టమైన చీర సార్ అని బుకాయించినా, ప్రతి ఫోటోలో కింద ఎడమ మూలన తొంగిచూస్తున్న ఆ వేలికి ఏం చెప్పాలి? గోరు నడిమికి చీలి, సగం నల్లగా కమిలిపోయిన బొటనవేలు.

"ఎవరిదమ్మా ఈ వేలు?" అన్నాడు అధికారి.

పక్క కుర్చీలో కూర్చున్న సర్పంచ్ అనిల్‌కుమార్ మెడ సాచి ట్యాబ్‌లోకి చూశాడు. గుమ్మం దగ్గర పొరక పట్టుకుని నిలబడ్డ సత్యమ్మ ఎవరూ అడగకుండానే తన ఎడమచేయి ఎత్తి చూసుకుంది. ఎనిమిదేళ్ల కింద ఇదే అనిల్‌కుమార్ నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో బండ జారి పడ్డ వేలది. ఆ తర్వాతే ఆమె బండలు మోసుడు మానేసి పంచాయతీలో సఫాయి పనికి చేరింది.

జరిగింది ఇంతే. కార్యదర్శి రోజూ పొద్దున పదిలోపు ఊళ్లోనే ఉన్నానని ఫోన్‌లోని యాప్‌కు ముఖం చూపించాలి. వందన ఉండేది వికారాబాద్‌లో. తాండూరు దాకా రైలు, అక్కడి నుంచి పెద్దేముల్ దిక్కు పోయే షేర్ ఆటో. నాలుగేళ్ల శ్రేయకు తినిపించి, బడిలో దించేసరికి రైలు వెళ్లిపోయేది. సుద్దకుంట చేరేసరికి పన్నెండు. కొన్ని రోజులైతే చేరేదే కాదు. మొదటిసారి ఆలస్యమైనందుకు మెమో వచ్చింది. మెమో వచ్చిన వారానికి వందన తన ఫోటో ఒకటి పెద్దదిగా ప్రింటు తీయించి, పాత ఫోనుతో సహా సత్యమ్మ చేతిలో పెట్టింది. ఆ యాప్‌కు ముఖం చాలు, మనిషి అక్కర్లేదు. సత్యమ్మ పొద్దున్నే ఊరు ఊడ్చి, చేతులు కడిగి, కొంగుకు తుడుచుకుని, ఎడమచేత్తో మేడం ఫోటో పట్టుకుని కుడిచేత్తో ఫోను ఎత్తేది. ఫోను గ్రీన్ టిక్కు చూపించగానే "అయింది మేడం, నువ్వొచ్చినవ్" అని ఫోటోకే చెప్పేదట. ఆ మాట ఒకరోజు తనే చెప్పి నవ్వింది. వందన కూడా నవ్వింది. ఆ నవ్వే ఇప్పుడు గుర్తొస్తోంది.

"అడుగుతున్న గదమ్మా. నీకు తెలిసే జరిగిందా ఇది?"

"తెల్వదు సార్," అంది వందన. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకే ఒక క్షణం పట్టింది తెలియడానికి. ఇక ఆగలేదు. "పాత ఫోను ఆఫీసులనే పెడత సార్. నేను ఫీల్డు మీద పోయినప్పుడు... నాకు తెల్వకుండనే..."

అధికారి గుమ్మం వైపు తిరిగాడు. "ఏమ్మా, నీ వేలేనా? ఎవరు చెప్తే చేసినవ్?"

సత్యమ్మ వందన ముఖం వైపు చూసింది. కోపంగా కాదు. జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు చూసింది. తర్వాత పొరకను గోడకు ఆనించింది.

"నా ఏలే సారు. ఎవలు చెప్పలే. నేనే చేసిన."

సంతకం పెట్టడం రాని మనిషి, తనకు పైసా లాభం లేని పని, తనంతట తానే ఇరవై మూడు రోజులు ఎందుకు చేస్తుంది? చిన్నపిల్లలకైనా వచ్చే అనుమానమే. అధికారికి రాలేదు, లేదా వచ్చినా ఆ రోజు ఇంకో మూడు ఊళ్లు చూడాల్సి ఉంది. "కార్యదర్శికి హెచ్చరిక. ఆమెను పని నుంచి తొలగిస్తూ పాలకవర్గం తీర్మానం చేసి, గురువారంలోగా మండల ఆఫీసులో ఇవ్వండి," అని జీపెక్కాడు.

తీర్మానాలు రాసేది కార్యదర్శి. అంటే వందనే.

ఆ సాయంత్రం తాండూరు స్టేషన్‌లో కందుల బస్తాల దుమ్ముకు అందరూ తుమ్ముతున్నారు. రైలులో కిటికీ పక్క సీటు దొరికింది. మామూలు రోజైతే అదే పెద్ద సంబరం. ఇప్పుడు కిటికీ అద్దంలో తన ముఖం కనబడుతుంటే చూడలేక లేచి, వేరే ఎవరికో ఆ సీటు ఇచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఛీ, ఏం మనిషిని నేను! శ్రేయకు జ్వరం వచ్చిన రెండు రోజులూ ఫోన్ చేసి "పిల్ల ఎట్లున్నది మేడం, అన్నం తిన్నదా" అని అడిగిన మనిషి ఆ సత్యమ్మ ఒక్కతే.

ఇంట్లో భర్త రాకేష్ అంతా విని ఊపిరి పీల్చుకున్నాడు. అతనికి బస్టాండు దగ్గర మందుల షాపు. పొద్దంతా జనంతో మాట్లాడి మాట్లాడి, ఏ మాటనైనా చీటీ చూసి మందు ఇచ్చినంత సులువుగా తేల్చేస్తాడు.

"ఇరుక్కోకుండ బయటపడ్డవ్. ఇంక ఫికర్ ఎందుకు? ఆమెకేమున్నది, రేపే ఇంకో పని దొరుకుతది. నీ కొలువు పోతే దొరుకుతదా?"

"ఆమె నా కొలువు నిలబెట్టింది రాకేష్."

"ఆమె ఇష్టంగ నిలబెట్టింది. నువ్వు బతిమాలినవా?"

బతిమాలలేదు నిజమే. బతిమాలే శ్రమ కూడా ఇవ్వలేదు సత్యమ్మ. వందన బాల్కనీలోకి వెళ్లింది. తీగె మీద నీలం చీర ఆరేసి ఉంది. దాన్ని తీసి మడత పెట్టబోయి, మడత పెట్టకుండానే ఉండచుట్టి బీరువా అడుగున కుక్కింది.

మరునాడు మొదటి రైలుకే బయలుదేరింది. శ్రేయను పక్కింటి వాళ్లకు అప్పగించి, ఏడుస్తుంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చింది. ఇదే పని నెలన్నర కింద ఎందుకు చేయలేదని అడిగేవాళ్లు ఎవరూ లేరు, తను తప్ప.

సుద్దకుంటలో దిగేసరికి ఏడున్నర. ఇంత పొద్దున ఆ ఊరిని వందన ఎన్నడూ చూడలేదు. సత్యమ్మ బొడ్రాయి దగ్గర ఊడుస్తోంది. పొరకను రెండు చేతులా పట్టి, దుమ్ము జనం మీదికి లేవకుండా గాలి ఎటుందో చూసుకుని అటువైపుగా తోస్తోంది. ప్లాస్టిక్ ఒక కుప్ప, ఆకులు ఒక కుప్ప. తర్వాత నల్లా వాల్ దగ్గరికి పోయి, గుంతలో మోకాళ్ల మీద కూర్చుని, ఇనుప చక్రాన్ని తిప్పింది. చీలిన వేలు ఆ చక్రాన్ని పట్టదు. నాలుగు వేళ్లతోనే తిప్పుతుంది. నీళ్లు పైపులో గరగరమంటూ పోయిన శబ్దం విని, "మీదిగల్లికి ఎక్కినయ్" అనుకుంటూ లేచింది.

"ఇంత పొద్దుగాల్నే వచ్చినవేంది మేడం? పిల్లనెవలు చూస్తరు?"

వందన ఏం చెప్పాలని రాత్రంతా అనుకుందో అంతా మరిచిపోయింది. "సత్తెమ్మా, నిన్న నేను..."

"ఊకో. అయిందేదో అయింది." సత్యమ్మ పంపు గదిలోకి పోయి, మేకుకు తగిలించిన సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. కందిపప్పు ప్యాకెట్ కవరు. లోపల వందన ఫోటో. ఒక్క మరక లేదు, ఒక్క మడత లేదు. "గిదేడ పెట్టమంటవ్? పారేద్దామంటే మనసొప్పలే, మనిషి ఫోటో గద."

వందన ఆ కవరు అందుకోలేకపోయింది. "ఎందుకట్ల ఒప్పుకున్నవ్?" అంది.

"మరి ఏమనాలె? నా ఏలు అండ్ల కనవడుతుంటె నాది కాదంటనా? ఇగ నీ పేరు చెప్దామంటే, నీ ముఖం సున్నం లెక్క తెల్లగయ్యింది. గప్పుడు నాకు భయమైంది, పడిపోతవేమోనని." సత్యమ్మ నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "పని పోతదనుకోలే బిడ్డా. తిడతరనుకున్న. తిడితే పడుదామనుకున్న."

ఇంతలో బుల్లెట్ బండి వచ్చి ఆగింది. సర్పంచ్ అనిల్‌కుమార్. ముప్పై ఎకరాల కంది చేను, రెండు పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్నవాడు. సర్పంచ్ అయి నెల దాటింది. సత్యమ్మను చూడనట్టే చూసి, వందనను పక్కకు పిలిచాడు.

"రేపు పది గంటలకు మీటింగ్ పెట్టు మేడం. సత్తెమ్మను తీసేసి, మా ఫ్యాక్టరీల బాల్‌రాజ్ ఉన్నడు గద, ఆయన భార్యను పెట్టుకుందం. ఒక్క తీర్మానంలనే రెండూ రాసెయ్."

"సార్, ఆమె బాగనే పని చేస్తది గదా..."

"చేస్తది. మొన్న మా ట్రాక్టర్‌కు అడ్డం పండుకున్నది కూడ ఆమెనే." అనిల్‌కుమార్ గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు. "ఊరి నర్సరీ పక్కన రెండు ట్రిప్పుల ఫ్యాక్టరీ రాతి బురద పోస్తే ఏం మునుగుతదట? మొక్కలు సస్తయట. ఇప్పుడు దేవుడే తొవ్వ చూపెట్టిండు. మేడం, నీ సంగతి నేను ఎవలకు చెప్ప. నువ్వు వారానికి ఎన్ని రోజులొస్తవో నాకు ఎర్కలేదా?"

బండి వెళ్లిపోయింది. నర్సరీ వైపు చూసింది వందన. చిన్న చిన్న కవర్లలో వేప, కానుగ మొక్కలు. వాటికి రెండు అడుగుల దూరంలో తెల్లటి బురద ఎండి పగుళ్లిచ్చింది. బురదకూ మొక్కలకూ మధ్య ఎవరో వరసగా రాళ్లు పేర్చి గట్టు కట్టారు. ఎవరో ఏమిటి, సత్యమ్మే. నెలన్నర నుంచి ఆ ఊరి పంచాయతీ నడిపింది ఆ ఎడమచేతి బొటనవేలే. జీతం తీసుకున్నది మాత్రం ఫోటో.

బుధవారం మీటింగ్ అనుకున్నట్టే జరిగింది, అంటే జరగలేదు. సుద్దకుంటలో మీటింగంటే ఎనిమిది మంది వార్డు సభ్యులు వచ్చి, తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ కింద సంతకాలు పెట్టి, చాయ తాగి వెళ్లిపోవడం. పైన ఏం రాయాలో కార్యదర్శి తర్వాత రాసుకుంటుంది. ఇది వందన మొదలుపెట్టిన పద్ధతి కాదు, వందన ఆపిన పద్ధతీ కాదు. సభ్యుల్లో ఇద్దరు ట్రాక్టరు బయట ఉంచి, ఇంజను ఆపకుండానే వచ్చారు. కందులు తాండూరు మార్కెట్‌కు పోవాలి, లైనులో వెనకబడితే రేటు పడిపోతుందని ఎవరి తొందర వాళ్లది.

"ఏం సంగతి మేడం ఇయ్యాల?" అన్నాడు కైలాసం అనే ముసలాయన, సంతకం పెట్టేశాక.

"అదే కైలాసం, సత్తెమ్మ ముచ్చట," అన్నాడు అనిల్‌కుమార్.

"అయ్యో, ఏమైంది ఆమెకు?" అంటూనే చాయ గ్లాసు కింద పెట్టి, జవాబు వినకుండానే కైలాసం దిగిపోయాడు. సర్పంచ్ చివర్లో సంతకం పెట్టి, "రాసి పట్కపో మేడం. నాలుగింటి లోపల ఇచ్చెయ్," అని తనూ వెళ్లాడు.

గదిలో వందన, పుస్తకం, తొమ్మిది సంతకాలు మిగిలాయి.

అప్పుడు తట్టింది. సంతకాలు కిందున్నాయి. పైనంతా ఖాళీ. తను ఏది రాస్తే అదే పాలకవర్గం మాట! పెన్ను తీసి గబగబా రాసింది. సత్యమ్మ తప్పేమీ లేదని, కార్యదర్శి చెప్పినందుకే ఫోటో దించిందని, ఆమెను పనిలో కొనసాగించాలని, కార్యదర్శిపై చర్య తీసుకోవాలని, నర్సరీ పక్కన ఫ్యాక్టరీ బురద పోయరాదని పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించినదని. ఏకగ్రీవంగా అన్న మాట రాస్తుంటే ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది. అనిల్‌కుమార్ సంతకం పైనే అనిల్‌కుమార్ బురద! ఏమంటాడో అననీ.

సత్యమ్మ చాయ గ్లాసులు ఏరుకోవడానికి లోపలికి వచ్చింది. ఇవాళ్టితో ఆఖరని తెలిసీ, గ్లాసుల అడుగున మిగిలిన చాయను ఒక దాంట్లో ఒంపి, బల్ల మీది మరకలు కొంగుతో తుడుస్తోంది.

"సత్తెమ్మా, కూసో. సదువుత విను," అంది వందన.

సత్యమ్మ కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుంది. వందన మొత్తం చదివింది. చదివి, తనను చూసి సత్యమ్మ ఏడుస్తుందేమో, చేతులు పట్టుకుంటుందేమో అని ఎదురుచూసింది. మనిషికి తప్పు చేసినప్పటికంటే దిద్దుకున్నప్పుడే ఆశ ఎక్కువ.

సత్యమ్మ మెల్లగా అడిగింది. "కైలాసం పటేలుకు గిది సదివినవా?"

"లేదు. వాళ్లు పోయినంక రాసిన."

"మరి ఆయన సంతకమున్నది గద కింద."

"ఉన్నది..."

"గా ట్రాక్టర్లోళ్లకు?"

"లేదు సత్తెమ్మా. వాళ్లకు చదివితే ఒప్పుకోరు."

సత్యమ్మ తన ఎడమచేతి వేలిని కుడిచేత్తో నిమురుకుంటూ పుస్తకం వైపు చూసింది. "మల్ల నీ ఫోటో లెక్కనే గద బిడ్డా గిది. వాళ్లు లేకున్నా ఉన్నట్టు."

వందనకు చెంప మీద కొట్టినట్టుంది. కొట్టినా బాగుండేది.

"నాకు సదువు రాదు. గిన్నేండ్ల సంది నువ్వు ఏడ వేలెయ్యమంటె ఆడ ఏసిన. ఏం రాసినవని అడగలే. గిప్పుడు గీ తొమ్మిది మందిని గూడ నా లెక్కనే చేస్తివి." సత్యమ్మ గొంతులో మొదటిసారి కోపం వినబడింది. "నా కొలువు నిలవడాలెనని నాకు లేదా? ఇంట్ల నేనొక్కదాన్నే. ఈ వేలుతోని బండ లేస్తదా, నన్ను ఏ ఫ్యాక్టరీల పెట్టుకుంటరు? కని గిట్ల వద్దు. రేపు వాళ్లే వచ్చి దొంగ కాయితమంటరు. గప్పుడు నేను మల్ల దొంగనే అయిత."

గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని ఆమె బయటికి వెళ్లింది. నల్లా కింద కడుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. వందన బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. మంచి పని చేస్తున్నానని ఐదు నిమిషాలు సంబరపడినందుకు మరీ ఏడ్చింది. ఆమె కష్టాన్ని వాడుకున్నాను, ఆమె మౌనాన్ని వాడుకున్నాను, ఇప్పుడు ఆమె పేరు చెప్పి మళ్లీ అదే మోసం. నేను మారింది ఎక్కడ?

ముఖం కడుక్కుని వచ్చి, పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టింది. గీత పక్కన రాసింది: "పై తీర్మానం సభ్యులకు చదివి వినిపించనందున రద్దు చేయడమైనది." తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుంది. ఈసారి ఏకగ్రీవాలు లేవు, పాలకవర్గం లేదు. "నేను" అని మొదలుపెట్టింది. నేను రాలేదు. నేను ఫోటో ఇచ్చాను. నేను అధికారి ఎదుట అబద్ధం చెప్పాను. కింద ఒక్క సంతకం, తనది.

బయటికి వచ్చి సత్యమ్మ ముందు నిలబడి చదివింది. సత్యమ్మ చేతిలో గ్లాసు పట్టుకుని నీళ్లు కారుతుండగానే విన్నది.

"నా పేరొచ్చిన కాడ మల్ల సదువు," అంది.

"నా అబద్ధం వల్ల సత్యమ్మకు అన్యాయం జరిగింది. ఆమె నిర్దోషి."

"నిర్దోషంటే?"

"నువ్వు ఏ తప్పు చెయ్యలేదని."

"చేసిన గద. ఫోటో దించిన." సత్యమ్మ ఆలోచించింది. "నువ్వు చెప్పినందుకు దించిందని రాయి. గది నిజం."

వందన ఆ మాట దిద్దింది. సత్యమ్మ తడిచేయి తుడుచుకుని, "నేను గూడ ఏలేస్తనా?" అని అడిగింది. వద్దంది వందన. ఇందులో ఆమె వేలు ఉండకూడదు.

మండల ఆఫీసులో కాగితాలు తీసుకునే గుమస్తా అటూ ఇటూ తిప్పి చూశాడు. "తీర్మానం ఏది మేడం?"

"తీర్మానం లేదు. ఇదే."

"ఇది ఇచ్చిన్రంటే మీకే..." అని ఆగి, ఆమె ముఖం చూసి, ముద్ర వేశాడు. ఆటోలో వస్తుండగా అనిల్‌కుమార్ ఫోను. "నిన్ను కాపాడుదామని చూస్తే, నువ్వే గోతిల దుంకినవ్ మేడం. బురద గురించి గూడ ఏదన్న రాసినవా?" అన్నాడు. "దాని గురించి వచ్చే మీటింగుల సభ్యుల ముందర చదువుమని, రాబోయే కార్యదర్శికి రాసిపెట్టి పోత సార్," అంది వందన. అవతల ఫోను పెట్టేశారు. ఇంట్లో రాకేష్ ఆ సాయంత్రం అన్నం తినలేదు. అతని బాధా నిజమే. ఇంటి అప్పు వాయిదాలు ఇక అతని మందుల షాపు ఒక్కటే మోయాలి.

శనివారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. విచారణ తేలేదాకా కార్యదర్శి సస్పెన్షన్. యాప్‌లో ఆమె పేరు తీసేశారు. సత్యమ్మను తీసే ముచ్చట ఇప్పటికి పక్కన పెట్టమన్నారు. సోమవారం వచ్చి పుస్తకాలు, తాళాలు అప్పజెప్పి పొమ్మన్నారు.

సోమవారం వందన మొదటి రైలుకే వచ్చింది. పది గంటలకు రమ్మంటే ఏడున్నరకు ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియదు. పంచాయతీ తాళం తీయలేదు. మెట్ల ముందు, బోర్డు కింద నిలబడింది. సత్యమ్మ రోజూ ఫోటోను పట్టుకుని నిలబడ్డ చోటు సరిగ్గా అదే. ఈసారి తనే ఫోను తీసి యాప్‌లో ముఖం చూపించింది. వివరాలు లభ్యం కాలేదు అని వచ్చింది.

సందు మూల నుంచి పొరక చప్పుడు దగ్గరైంది. సత్యమ్మ వంగి ఊడ్చుకుంటూ వస్తోంది. ఎడమచేతి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుంది, వాల్ తిప్పేటప్పుడు గోరు మళ్లీ లేచినట్టుంది. వందనను చూసి ఆగలేదు. దగ్గరికి వచ్చాక నడుము మీద చేయి వేసుకుని నిలబడి, ఆయాసం తీర్చుకుంది.

"అవ్వా..." అంది వందన. ఇన్నాళ్లూ పేరు పెట్టే పిలిచింది. ఆ తర్వాత చెప్పాల్సిన మాట ఇంకా వెతుక్కుంటోంది.

సత్యమ్మ ఆ మాట కోసం ఆగలేదు. వందన చెప్పుల దగ్గర పడ్డ చాక్లెట్ కాగితం వైపు పొరక చూపించింది.

"జర జరుగు బిడ్డా," అంది. "నువ్వు నిలవడ్డ కాడ ఊడ్వాలె."

వందన పక్కకు జరిగింది.